మూడో తరగతి నిమ్మాకులు

జూలై 1, మంగళవారం

ఎనిమిదేళ్ల పిల్లను ముప్పైమంది ముందు నిలబెట్టి పదకొండు పురుగుల చావు దాని నెత్తిన రుద్దారు. ఈ రోజు మూడో తరగతి గదిలో జరిగిన ఘనకార్యం ఇదే. కోపంతో రాస్తుంటే అక్షరాలు బల్లిపిల్లల్లా తలోదిక్కూ పోతున్నాయి. పోనీ. నేను తప్ప ఇది చదివేవాళ్లెవరు?

పొద్దున్న పదింటికి టీచర్ నేను పనిచేసే మొక్కల నర్సరీకి ఫోన్ చేసింది. "మీ పురుగులన్నీ పడిపోయాయి, తొందరగా రా" అంది. సైకిల్ మీద పావుగంట దారి, పది నిమిషాల్లో వెళ్లాను. తరగతిలో పురుగుల్ని పెంచే బకెట్ అడుగున పదకొండూ పడి ఉన్నాయి. నాలుగు ఇంకా పక్షి రెట్ట రంగులో ఉన్న చిన్నవి. ఏడు పచ్చగా తిరిగి, రెండు మూడు రోజుల్లో గూడు కట్టుకోబోయేవి. నోళ్ల దగ్గర ఆకుపచ్చ నీరు కారి ఎండిపోయింది. నిమ్మచెట్టు గొంగళిపురుగును కొనవేలితో తాకితే నెత్తిమీద నారింజ రంగు కొమ్ములు పొడుచుకొచ్చి గుప్పున వాసన కొట్టాలి. తాకాను. ఒక్కదానికీ కొమ్ములు రాలేదు.

టీచర్ తరగతి వైపు తిరిగి అడిగింది. "నిన్న ఆకులు తెచ్చింది ఎవరు?"

సందేహం చెయ్యెత్తింది. దాని అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, కానీ నోరు తెరిస్తే ప్రశ్నే కాబట్టి టీచర్ పెట్టిన పేరే అందరికీ అలవాటు. జవాబు తెలిసిన ప్రశ్న అడిగినట్టు, భుజం నుంచి పూర్తిగా చాచి ఎత్తింది చెయ్యి.

"మీ ఇంటి చెట్టుకు ఏం కొడతారే?"

"ఏం కొట్టం టీచర్. నీళ్లు పోస్తాం."

"మరి ఎలా చచ్చాయి?"

వెనక బెంచీ నుంచి ఒకడు "విషం ఆకులు తెచ్చింది టీచర్!" అన్నాడు. దాని పక్కన కూర్చున్న అమ్మాయి సంచీ తీసుకుని అవతలి బెంచీకి జరిగింది. సందేహం ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయింది.

ఈ టీచర్‌కు పురుగుల గురించి ఏం తెలుసని? డిగ్రీలు ఉంటాయి, గొంగళిపురుగుకు కాళ్లెన్నో తెలియదు. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నర్సరీలో అమ్ముడుపోక మిగిలిన మొక్కల మీద పురుగుల్ని చూసి, గీసుకుని, పాత పుస్తకాల కొట్లో పేర్లు వెతుక్కుని నేర్చుకున్నాను. ఈ బడిలో సోమవారం, గురువారం గంటసేపు నేను చెప్పేదాన్ని పిల్లలు చేతిపాఠం అంటారు. బోర్డు మీద బొమ్మ గీయను. విత్తనం చేతిలో పెడతాను, మట్టి చేతిలో పెడతాను, పురుగును చేతిలో పెడతాను. అలాంటి పాఠంలో ఒక పిల్లను దోషిలా నిలబెట్టారు.

నేనూ ఏదో సర్దిచెప్పాను. ఎవరూ వినలేదు.

జూలై 2, బుధవారం

తినకుండా కంచం ముందు నుంచి లేచిపోతే వదిన అడ్డం నిలబడింది. "ఏమే మరదలా, ఎవడినైనా చూసుకున్నావా ఏంటి?" అంది. ఆకలి లేదన్నాను.

జూలై 3, గురువారం

చేతిపాఠానికి వెళ్లాను. గది గోడకు కొత్త కాగితం అంటించారు. ఇంటి నుంచి ఆకులు, మట్టి, పురుగులు తేకూడదు. తరగతిలోని ప్రాణుల్ని పిల్లలు తాకకూడదు. దూరం నుంచి చూడవచ్చు. కింద హెడ్‌మాస్టర్ సంతకం.

దూరం నుంచి చూడవచ్చట! దానికి నేనెందుకు, టీవీ పెట్టుకోండి.

కొత్తగా ఆరు పురుగుల్ని తీసుకెళ్లాను. పిల్లలంతా బల్లకు రెండడుగుల అవతల వరుసగా నిలబడ్డారు, మ్యూజియంలో లాగా. సందేహం వరుసలో చివర ఉంది. పోయిన గురువారం ఇదే గదిలో ఈ పిల్ల నన్ను ఎలా తినేసిందో! "పురుగులక్కా, గూట్లో ఉన్నప్పుడు దానికి కళ్లుంటాయా?" "పురుగులక్కా, అది పాకడం గుర్తుపెట్టుకుంటుందా, రెక్కలొచ్చాక మర్చిపోతుందా?" నాకు జవాబు తెలియక, తెలుసుకుని చెప్తాను అన్నాను. ఈ రోజు ఆ జవాబు వెతికి రాసుకుని వెళ్లాను. అడగలేదు. గంటసేపు ఒక్క ప్రశ్నా లేదు.

"దీనికి ఇవాళ సందేహాలు లేవా?" అని టీచర్ నవ్వించబోయింది. పిల్ల నేల చూసింది.

మంగళవారం రాసింది మళ్లీ చదివాను. 'ఏదో సర్దిచెప్పాను' అని రాసుకున్నాను. ఏం సర్దిచెప్పానో రాయలేదు. రాస్తాను. టీచర్ నా వైపు తిరిగి "ఏమ్మా, నువ్వు చెప్పు, ఎందుకిలా అయింది?" అని అడిగింది. నేను "బయటి ఆకులు తెస్తే ఒక్కోసారి ఇలాగే అవుతుంది" అన్నాను.

ఈ మాట అన్నాకే ఆ అమ్మాయి సంచీ తీసుకుని జరిగింది, ముందు కాదు.

బడి ఆఫీసులో పుస్తకం ఒకటి ఉంటుంది, వెళ్లిన ప్రతిసారీ ఏం జరిగిందో నేను రాయాలి. అందులోనూ అదే వాక్యం రాసి సంతకం పెట్టాను. గోడ మీద కాగితం దాన్ని చూసి పుట్టిందే.

నాకప్పుడు తెలియదు. నిజంగా ఆ పిల్ల ఆకుల వల్లే అనుకున్నాను.

జూలై 4, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాల వేళ, పచ్చ వల కింద కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా నిమ్మమొక్కల వరుసలు.

ఈ నర్సరీలో ఒక పద్ధతి ఉంది. ఏ వరుసకు పురుగుమందు కొడితే ఆ వరుస మొదట్లో కర్రకు ఎర్ర గుడ్డ కడతాం. పదిహేను రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోరు. నలభై వరుసల్లో దేనికి ఎప్పుడు మందు కొట్టామో ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండదు కాబట్టే గుడ్డ. గుడ్డ లేదంటే మందు లేదు. ఇక్కడ పనిచేసేవాళ్లు కళ్లు మూసుకుని నమ్మేది ఆ గుడ్డనొక్కదాన్నే.

పోయిన వారం గురువారం నిమ్మ మూడో వరుసకు ఓనరు మందు కొట్టాడు. గుడ్డ నేనే కట్టాను.

శనివారం ఇక్కడే బడి బకెట్ సిద్ధం చేస్తుంటే, దాని మీద వల బిగించే రబ్బరు తెగిపోయింది. చేతికి అందింది ఆ గుడ్డ. ఒక్క క్షణం పనికి అనుకుని విప్పి, వల చుట్టూ కట్టాను. పిల్లలకు ఎరుపు బాగుంటుంది అనుకున్నాను కూడా. వరుసకు ఇంకోటి కడదాం అనుకున్నాను. ఈలోపు గులాబీలకు గిరాకీ వచ్చింది.

సోమవారం పొద్దున్న ఆలస్యమైంది. మూడో వరుసకు గుడ్డ లేదు. గుప్పెడు ఆకులు కత్తిరించి సంచిలో వేసుకుని బడికి పోయాను. సందేహం కూడా తన ఆకులు తెచ్చింది, కాగితంలో చుట్టి, తడి గుడ్డలో పెట్టి, నేను నేర్పినట్టే. రెండూ కలిపి బకెట్లో వేశాం.

చంపింది నా ఆకులు.

జూలై 5, శనివారం

సందేహం వాళ్లమ్మ వచ్చింది. లాండ్రీలో పనిచేస్తుంది, చేతులకు ఎప్పుడూ గంజి వాసన. న్యూస్‌పేపర్‌లో ఒక నిమ్మకొమ్మ చుట్టి తెచ్చింది.

"చెల్లీ, ఇందులో ఏముందో చూసి చెప్పు. మేం ఆ చెట్టు కాయలే తింటాం. పిల్ల చేతులు తెగ కడుగుతోంది, సబ్బు పెట్టి. పెట్టిన సబ్బు రెండు రోజులకే అయిపోతోంది. వద్దే అంటే వినదు. నా చేతులకు విషం ఉందమ్మా అంటుంది."

కొమ్మ చేతిలోకి తీసుకున్నాను. లేత ఆకులు, వెనక్కి తిప్పితే సాలీడు గుడ్లు, ఒక ఆకు చివర కొరికిన గుర్తులు. మందు కొట్టిన చెట్టు మీద ఇవేవీ ఉండవు. చూడగానే తెలుస్తుంది. నాకైతే చూడకుండానే తెలుసు.

"రెండు రోజులు నా దగ్గర ఉంచండి అక్కా. పురుగులకు వేసి చూసి చెప్తాను" అన్నాను.

"చదువుకున్నదానివి, నువ్వే చూడాలి" అంది. చేతులు జోడించబోయింది. నేను పక్కకు తిరిగి నీళ్ల పైపు కట్టేస్తున్నట్టు నటించాను.

అప్పుడే చెప్పేయాల్సింది. ఓనరు అక్కడే ఉన్నాడు, అందుకని చెప్పలేదు.

జూలై 6, ఆదివారం

ఓనరు లేకపోయినా చెప్పేదాన్ని కాదు.

నిన్న రాత్రే కొమ్మను గాజు సీసాలో పెట్టి, నా దగ్గర మిగిలిన పురుగుల్లో నాలుగింటిని దాని మీద వదిలాను. పొద్దుటికి రెండాకుల్ని ఈనెలు మాత్రమే మిగిలేలా నమిలేశాయి. ఒక్కోటి బఠాణీ అంత లావెక్కింది.

వదిన సీసా చూసి మూతి తిప్పింది. "మీ అన్నయ్య నెల్నాళ్లుగా పంపు బాగుచేయించడు. ఈ పురుగులకు మాత్రం ఇంట్లో రాజభోగం. వాటికి పెళ్లిళ్లు కూడా నువ్వే చేస్తావా?"

"వదినా, ఒక తప్పు చేశాను" అన్నాను.

"చెప్పు" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

ఏమీ లేదు, నీ సీసా నేనే తీశాను అన్నాను.

సందేహం వాళ్ల ఇల్లు మా వీధికి నాలుగు వీధుల అవతల. ఇప్పుడే వెళ్లి చెట్టు మంచిదని చెప్పి రావచ్చు. ఆదివారం కదా, వాళ్లూ ఇంట్లో ఉంటారో ఉండరో. రేపు బడిలో చెప్తాను.

జూలై 7, సోమవారం

చెట్టు కొట్టేశారు.

నిన్న సాయంత్రం పిల్ల మేనమామ వచ్చి గొడ్డలితో మొదలంటా కొట్టేశాడట. పిల్ల రోజూ ఏడుస్తోందని, విషం చెట్టు ఇంట్లో ఎందుకని. ఈ సంగతి నాకు చెప్పింది సందేహమే. బడి వాకిట్లో నిలబడి, ముఖం ఎటో పెట్టి, పెద్దదానిలా చెప్పింది. "ఇంక మా ఇంట్లో ఆకులు లేవు పురుగులక్కా. ఇంక ఎవరూ చావరు."

నేను నిన్న వెళ్లి ఉంటే ఆ చెట్టు ఉండేది. నాలుగు వీధులు.

తరగతిలో హెడ్‌మాస్టర్ కాగితాన్ని లెక్కచేయకుండా, బాగా బలిసిన పురుగునొకదాన్ని ఆకుతో సహా తీసుకుని సందేహం దగ్గరికి వెళ్లాను. "ఇది మీ చెట్టు ఆకులు తిన్న పురుగే. చూడు ఎంత లావైందో. పట్టుకో" అన్నాను. పిల్ల చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. వేళ్లు సబ్బుకు నాని, గోళ్ల పక్కన తోలు లేచి ఉంది.

"వద్దక్కా. నేను ముట్టుకుంటే చస్తుంది."

"చావదు."

"నువ్వే కదక్కా చెప్పావు."

టీచర్ విన్నది. టీచర్‌కు కూడా ఏదో తగిలినట్టుంది, డస్టర్ తీసుకుని ఖాళీ బోర్డు తుడిచింది.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. నాకప్పుడు తెలియదు అని గురువారం రాసుకున్నాను, అది అబద్ధం. మంగళవారం గదిలోకి అడుగుపెట్టి బకెట్ చూడగానే వల చుట్టూ ఎర్ర గుడ్డ కనిపించింది. అది ఎక్కడిదో, అది లేని వరుసలో నేను ఏం కోశానో, అంతా ఆ క్షణమే తెలిసిపోయింది. టీచర్ ప్రశ్న అడిగేసరికి నాకు జవాబు పూర్తిగా తెలుసు. తెలిసే, ఎత్తిన చెయ్యి ఒకటి కనిపిస్తే, దాని వెనక దాక్కున్నాను.

చదువుకోనిదాన్ని అని ఎవరైనా చులకన చేస్తారేమోనని ఎప్పుడూ కత్తి నూరుకుని తిరుగుతాను. టీచర్ ముందు తప్పు ఒప్పుకుంటే "చదువులేనిది, దీన్నెందుకు పిలిచాం" అంటారని భయపడ్డాను. అందుకు ఎనిమిదేళ్ల పిల్లను ముందుకు తోశాను. ఇన్ని రోజులూ టీచర్‌ను తిట్టిన తిట్లన్నీ నావే.

జూలై 8, మంగళవారం

పని అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో నిమ్మ మొదలు తెల్లగా, ఇంకా తడిగా ఉంది. కొమ్మల్ని గోడకు చేరేశారు. ఆకులు వాడిపోయినా వాసన పోలేదు.

వాళ్లమ్మ కుర్చీ వేసింది. కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. గుడ్డ, మూడో వరుస, నేను అన్న మాట, తెలిసే అన్నానని కూడా. ఆమె చేతిలో మడతపెడుతున్న దుప్పటి ఉంది. నేను మాట్లాడినంతసేపూ దాన్ని మడతపెడుతూనే ఉంది. చివరికి చేతిరుమాలు అంత అయింది.

"శనివారం నీకు చేతులు జోడించబోయాను" అంది.

"తెలుసక్కా."

"అక్కా అనకు."

దుప్పటి పక్కన పెట్టింది. "నాకు చెప్పి ఏం లాభం? నాకు ముందే నమ్మకం, నా పిల్ల చెట్టుకు నీళ్లు తప్ప ఏం పోయలేదని. దాన్ని అన్నది ముప్పైమంది ముందు. ఆ ముప్పైమంది ముందే నువ్వు చెప్పు."

"పిలవండి, పాపకు ఇప్పుడే చెప్తాను."

"పిలవను. ఇక్కడ చెప్తే, ఊరుకోబెట్టడానికి చెప్పావనుకుంటుంది. బడిలోనే చెప్పు. సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత దాన్ని ఆ బడికి పంపను. చదువు మానిపిస్తానని కాదు, రెండు బస్సులు మారి పోయే బడి ఇంకోటుంది, అక్కడికి పోతుంది. అక్కడ ఎవరూ దానికి పురుగుల్ని చూపించరు. అదే మేలు."

కిటికీలో సందేహం ముఖం ఒకసారి కనిపించి పోయింది. కుళాయి చప్పుడు వినిపించింది. చేతులు కడుక్కుంటోంది.

జూలై 9, బుధవారం

ముందు ఓనరుకు చెప్పాను. కవర్లలో మట్టి నింపుతున్నవాడు పార పక్కన పెట్టి నవ్వాడు. "పురుగులు చచ్చాయని ఇంత రాద్ధాంతమా? మనం అమ్మేదే పురుగులు చావడానికి మందు."

"పిల్ల మీద పడింది నింద."

"పిల్లలు వారానికి మర్చిపోతారు పిల్లా. కానీ మన మొక్కలకు విషం ఉందని బడి అంతా తెలిస్తే తల్లిదండ్రులు మర్చిపోరు. నోరు మూసుకుని గుడ్డ కట్టడం నేర్చుకో. ఇంకో మాట మాట్లాడితే బడికి వేరేవాళ్లను పంపుతా."

"పంపండి. వాళ్లకూ మూడో వరుస చూపిస్తా."

నవ్వు ఆగిపోయింది. పార తీసుకుని మళ్లీ మట్టి నింపాడు.

మధ్యాహ్నం హెడ్‌మాస్టర్ గదికి వెళ్లాను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు, అంతా విన్నాడు.

"నీ నిజాయితీకి సంతోషమమ్మా. కానీ పెద్దవాళ్లు పిల్లల ముందు నిలబడి నేను అబద్ధమాడాను అంటే, రేపు పిల్లలు మన మాట వింటారా? వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ ఉంది. అది కానివ్వు, అప్పటిదాకా చేతిపాఠం కూడా వద్దు. ఆ పాపను నేను పిలిచి నాలుగు మంచి మాటలు చెప్తాను."

"దాని తప్పు లేదని అందరి ముందు చెప్తారా?"

"చూద్దాం."

"గోడ మీద కాగితం తీసేస్తారా?"

"చూద్దాం అన్నాను కదమ్మా."

బయటికి వస్తుంటే టీచర్ మెట్ల దగ్గర ఆపింది. "ఆ పిల్ల ఇవాళ రెండు పీరియడ్లు ఖాళీగా కూర్చుంది, బొమ్మ వేయమంటే వేయలేదు. నిజం చెప్పు, ఆ ఆకులు దానివి కావు కదా?"

"కావు. నావి."

టీచర్ ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "నేనూ అడగకుండానే తేల్చేశాను" అంది. "సోమవారం మొదటి పీరియడ్ నాదే. ఆయన ఒప్పుకుంటే నీకిస్తాను. ఒప్పుకోకుండా ఇవ్వలేను, నాకూ ఉద్యోగం ఉంది."

జూలై 10, గురువారం

హెడ్‌మాస్టర్‌కు ఉత్తరం రాశాను, రాత్రంతా కాదు, పొద్దున్న ఒక్క గంటలో. పక్కన స్టూలు వేసుకుని వదిన కూర్చుంది. ఈసారి అంతా చెప్పాను. కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. ఆ తర్వాత "అక్షరాలు పెద్దవిగా రాయి, ఆయనకు కళ్లజోడు దొరకలేదనే సాకు ఉండకూడదు" అంది. బడి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని వచ్చాను. మాట మార్చే అలవాటు నాకుంది, అందుకని ఇక్కడ కూడా దించుకుంటున్నాను.

'హెడ్‌మాస్టర్ గారికి,

మూడో తరగతి గొంగళిపురుగుల్ని చంపింది నర్సరీ నుంచి నేను తెచ్చిన మందు కొట్టిన ఆకులు. ఆ పాప ఆకులు కాదు. ఈ సంగతి తెలిసే నేను తరగతిలో అబద్ధం చెప్పాను, మీ పుస్తకంలో అబద్ధం రాసి సంతకం పెట్టాను. ఆ అబద్ధాన్ని నమ్మే మీరు గోడ మీద కాగితం అంటించారు.

సోమవారం మొదటి పీరియడ్‌లో పదిహేను నిమిషాలు నాకు కావాలి. ముప్పైమంది ఉండాలి, ఆ పాప ఉండాలి, టీచర్ ఉండాలి, వీలైతే మీరూ ఉండాలి. తప్పు ఎవరిదో నా నోటితో చెప్తాను. ఆ రోజు పుస్తకంలో నేను రాసిన వాక్యం కొట్టేసి, పక్కన నిజం రాసి మళ్లీ సంతకం పెట్టనివ్వాలి. తాకకూడదన్న కాగితం తీసేయాలి. పిల్లలు తాకడం వల్ల ఏదీ చావలేదు. నేను మళ్లీ మీ బడిలో పాఠం చెప్పాలా వద్దా అన్నది ఆ తర్వాత మీ ఇష్టం. వద్దంటే రాను, ఎందుకని అడగను.

పీరియడ్ ఇవ్వకపోతే సోమవారం పొద్దున్న ఏడున్నరకు గేటు బయట రోడ్డు మీద నిలబడి, లోపలికి వెళ్లే ప్రతి పిల్లకూ, తీసుకొచ్చిన ప్రతి అమ్మకూ నాన్నకూ ఇదే చెప్తాను. నర్సరీ పేరు, నా పేరు దాచను.

జవాబు రేపు, జూలై 11, శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల లోపు కావాలి. అవును అనో కాదు అనో, కాగితం మీద, మీ సంతకంతో.'